ఫిల్టరు పీకిన పెద్దతాత: తాళ్లరేవు పడవ నుంచి బెంగళూరు షాపు దాకా

మా ఇళ్ళల్లో ఒక తిట్టు ఉంది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన పిల్లలకి కూడా అది తెలుసు, ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం చాలామందికి తెలీదు. స్కూటరుకి సర్వీసింగ్ చేయించకుండా తిప్పినా, మిక్సీ జార్ రబ్బరు పోయినా అలాగే వాడేసినా, పెద్దవాళ్ళు "ఫిల్టరు పీకినోడి వంశం కదా, ఇంతే!" అనేస్తారు. ఆ ఫిల్టరు ఒక పడవ ఇంజినుది. పీకినాయన మా తాతగారికి స్వయానా అన్నయ్య. మేమంతా పెద్దతాత అంటాం.

కథ క్లుప్తంగా ఇలా చెప్తారు. 1962లో పెద్దతాత అప్పు చేసి తన తెరచాప పడవకి డీజిల్ ఇంజిను పెట్టించాడు. దాని ఎయిర్ ఫిల్టరు తీసి పక్కన పడేశాడు. మూడేళ్ళలో ఇంజిను పాడైంది, వాయిదాలు కట్టలేక పడవ అమ్మేశారు. 1966లో తాతగారు ఊరొదిలి బెంగళూరు వచ్చేశారు. మేమంతా ఇక్కడివాళ్ళం కావడానికి కారణం ఆ ఫిల్టరే అన్నమాట. ఇద్దరన్నదమ్ములూ చాలా ఏళ్ళు సరిగ్గా మాట్లాడుకోలేదు కూడా.

ఇందులో జరిగినవన్నీ నిజమే. కానీ చెప్పే తీరులో ఒక అన్యాయం ఉందని మాకు అనిపిస్తుంది. పెద్దతాత ఫిల్టరు ఎందుకు పీకాడో ఎవరూ చెప్పరు. అది చెప్పాలంటే కాస్త పడవల చరిత్ర, కాస్త డీజిల్ ఇంజిను సంగతి, కాస్త బెంగళూరు సంగతి కూడా చెప్పుకోవాలి. అందుకే ఈ వ్యాసం.

కోరంగి వైపు మనుషులు

మాది కాకినాడకి దక్షిణంగా తాళ్లరేవు ప్రాంతం. పక్కనే కోరంగి. ఈ రోజు కోరంగి అంటే మడ అడవులు, పిక్నిక్కులు గుర్తొస్తాయి గానీ, ఒకప్పుడది ఓడలు కట్టే రేవు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట లోపలికి ఉండటంతో ఓడల్ని తెచ్చి మరమ్మతు చేయడానికి వీలుండేది. 1789లోనూ, 1839 నవంబరులోనూ వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టాయి. ఆ తర్వాత వర్తకం మెల్లగా కాకినాడకి మళ్ళింది. అయినా పని తెలిసిన వడ్రంగులు, కళాసీలు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లోనే ఉండిపోయారు. బర్మాకి వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ అందరూ "కోరంగీలు" అని పిలిచేవాళ్ళంటే, ఈ చిన్న రేవు పేరు ఎంత దూరం వెళ్ళిందో చూడండి. తాళ్లరేవులో కొయ్య పడవలు కట్టే పని ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది.

మా వాళ్ళు ఆ పడవల పని చేసినవాళ్ళే. పెద్దతాతకి గాలి గురించి తెలియందంటూ లేదు. ఏ నెలలో ఏ వైపు గాలి తిరుగుతుందో, తెరచాప ఎప్పుడు దించాలో, నేల గాలి ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలిగేవాడట. ఇంజిను వచ్చాక ఆయన ఇంకో రకం గాలి గురించి నేర్చుకోవాల్సి వచ్చింది. అది నేర్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇంజిను వచ్చిన రోజులు

స్వాతంత్ర్యం వచ్చాక చేపల పడవలకి ఇంజిన్లు పెట్టాలన్న ఆలోచన దేశమంతా వచ్చింది. 1952లో ఐక్యరాజ్యసమితి, నార్వే, భారత ప్రభుత్వం కలిసి ఒక ఒప్పందం చేసుకుని కేరళలో కొల్లం దగ్గర నీండకరలో ఇండో నార్వేజియన్ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఆ తర్వాత పంచవర్ష ప్రణాళికల్లో తూర్పు తీరానికీ మరపడవలు, అప్పులు, సబ్సిడీలు వచ్చాయి. తెరచాప మీద ఆధారపడితే గాలి పడిపోయిన రోజున పట్టిన చేప రేవుకి చేరేలోపే పాడైపోతుంది. ఇంజిను ఉంటే ఆ భయం లేదు. అందుకే అప్పు అయినా సరే అనుకున్నారు.

పెద్దతాత పడవకి వచ్చింది ఒకే సిలిండరు ఉన్న ఇంజిను. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేది. అప్పట్లో పడవలకి వచ్చిన ఇంజిన్లలో చాలావరకు పొలాల్లో నీళ్ళు తోడే ఇంజిన్ల వంటివే, వాటినే కాస్త మార్చి సముద్రానికి పంపేవాళ్ళు. తెరచాప, కొయ్య అలాగే ఉంచారు. ఇంజిను ఆగిపోతే ఇంటికి రావాలి కదా మరి.

ఇక్కడ డీజిల్ ఇంజిను ఊపిరి గురించి కాస్త లెక్క చెప్పుకోవాలి. పెట్రోలు ఇంజినులో మంట రగిలించడానికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్లో అది లేదు. పిస్టన్ గాలిని పదహారు, పద్ధెనిమిది వంతులుగా నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి ఐదారు వందల డిగ్రీల వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ నుంచి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అంటే అగ్గిపుల్ల పని కూడా గాలే చేస్తుంది. ఒక లీటరు సిలిండరు ఉన్న ఇంజిను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి నిమిషానికి 750 లీటర్లు, గంటకి 45 ఘనపు మీటర్లు లోపలికి లాగుతుంది. మన ఇళ్ళల్లో ఒక పెద్ద గది నిండా ఉండే గాలి అంత! రాత్రంతా వేటకెళ్ళి వచ్చే పడవ అలాంటి గదులు పది మింగేస్తుంది.

ఆ గాలిలో ఇసుక రేణువు ఉంటే అది పిస్టన్ రింగులకీ లైనరుకీ మధ్య ఇరుక్కుని గరుకు కాగితంలా రుద్దుతుంది. రింగులు అరిగితే కంప్రెషన్ పోతుంది. కంప్రెషన్ పోతే గాలి చాలినంత వేడెక్కదు, ఇంజిను అంటుకోదు. పొద్దున్నే చలిలో నలుగురు మార్చి మార్చి హ్యాండిల్ తిప్పినా "గుఫ్ గుఫ్" అని ఆగిపోతుంది. ఆయిలు తాగడం మొదలుపెడుతుంది, నీలం పొగ కక్కుతుంది. ఇంజిను చచ్చిపోయే దారి ఇదే.

నూనె గిన్నె

ఈ దుమ్ము కథ పడవలతో మొదలవలేదు. 1915 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ట్రాక్టరు సేల్స్ ఇంజినీరు తను అమ్మిన ట్రాక్టరు మాటిమాటికీ పాడవుతోందని రైతు గోల పెడితే వెళ్ళి చూశాడు. కారణం పొలం దుమ్మే అని తేల్చి, తీగ చట్రానికి గుడ్డ చుట్టి, పొడవాటి గొట్టం మీద బిగించి ఒక గాలి వడపోత తయారు చేశాడు. అది పనిచేసింది. కానీ మా ట్రాక్టర్లో లోపం ఉందని నువ్వే చెప్తావా అని కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిందట. ఆయన పేరు మీద మొదలైన ఫిల్టర్ల కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ తరువాతి దశాబ్దాల్లో ప్రపంచమంతా వ్యాపించింది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. మన పల్లెల్లో పాత ట్రాక్టర్లు, పంపు ఇంజిన్లు చూసినవాళ్ళకి అది బాగా తెలుసు. కింద ఒక గిన్నె. అందులో గీత దాకా ఇంజిన్ ఆయిలు. గాలి పై నుంచి గొట్టంలో వేగంగా దిగి, నూనె దగ్గర ఒక్కసారిగా వెనక్కి తిరిగి పైకి పోవాలి. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతుంది. మిగిలింది పైనున్న తడి తీగ జాలీలో అంటుకుంటుంది. కొత్త భాగాలేమీ కొనక్కర్లేదు. గిన్నె విప్పి, అడుగున పేరుకున్న బురద పారబోసి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ గీత దాకా నూనె పోస్తే చాలు. చాలా మంచి ఏర్పాటు. ఒక్కటే షరతు, ఆ గిన్నె నిటారుగా ఉండాలి.

పొలంలో ఇంజిను నిటారుగానే ఉంటుంది. పడవ ఉండదు కదా!

ఆ రోజు ఏం జరిగింది

ఇంజిను పెట్టిన మొదటి ఏడాది చివర్లో, ఈశాన్య గాలులు వీచే రోజుల్లో పెద్దతాత పడవ అలల మీద బాగా ఒరిగిపోతూ వస్తోంది. ఉన్నట్టుండి ఇంజిను శబ్దం పెరిగింది. ఆయన డీజిల్ తగ్గించాడు. తగ్గలేదు. డీజిల్ పూర్తిగా కట్టేశాడు. ఇంకా పెరిగింది! తెల్లటి పొగ, పడవంతా వణుకు. ఇంజినులో దెయ్యం దూరిందని ఒక కళాసీ నీళ్ళల్లోకి దూకబోతే పట్టుకున్నారట. పెద్దతాత ఒక గోనెసంచి సముద్రంలో ముంచి, మడత పెట్టి, గాలి లోపలికి పోయే మూతి మీద రెండు చేతులతో అదిమి పట్టాడు. ఇంజిను ఊపిరాడక ఆగింది. వేడి గొట్టం తగిలి ఆయన ఎడమ మోచెయ్యి దగ్గర కాలింది. ఆ మచ్చ చివరిదాకా ఉంది. మాలో పెద్దవాళ్ళు చూశారు కూడా.

ఈ సంఘటనని ఇంట్లో పెద్దతాత ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. ఫిల్టరు పీకడాన్ని ఆయన నిర్లక్ష్యానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. రెంటికీ ముడి పెట్టినవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

ముడి ఇదీ. పడవ ఒరిగినప్పుడు గిన్నెలో నూనె జాలీ మీదకి ఎక్కింది. ఇంజిను గాలితో పాటు ఆ నూనెని కూడా పీల్చేసింది. డీజిల్ ఇంజినుకి ఇంజిన్ ఆయిలు కూడా ఆహారమే. లోపలికి వెళ్తే మండుతుంది. అప్పుడు ఇంధనం పంపు కట్టేసినా, గవర్నరు పనిచేస్తున్నా లాభం లేదు, ఎందుకంటే ఇంజిను తింటున్నది పంపు పంపిన డీజిల్ కాదు. గాలి ఆపడం ఒక్కటే మార్గం. మెకానిక్కులు దీన్నే ఇంజిను "రన్ అవే" అయింది అంటారు. గిన్నెలో గీత దాటి నూనె పోసినా ఇదే ప్రమాదం, నేల మీద కూడా. పెద్దతాత ఆ క్షణంలో చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని. ఎవరూ నేర్పకుండానే చేశాడు. తెరచాప మనిషి కదా, దేన్నైనా ఆపాలంటే ముందు దాని గాలి తీసెయ్యాలన్నది ఆయనకి కొత్త కాదు.

రేవుకి వచ్చాక ఆయన గిన్నెలో నూనె పారబోసి ఖాళీ గిన్నెతో నడిపాడు. ఖాళీ గిన్నె వల్ల ఉపయోగం లేదని కొన్నాళ్ళకి మొత్తం ఊడదీశాడు. ఆ రాత్రి సంగతి గుర్తున్న ఏ మనిషైనా అదే చేస్తాడని మా అభిప్రాయం. అప్పు ఇప్పించినవాళ్ళు గానీ, ఇంజిను బిగించి వెళ్ళినవాళ్ళు గానీ "ఇది ఒరిగే పడవకి పనికిరాదు, దీని బదులు పొడి జాలీ పెట్టుకోండి" అని ఒక్క మాట చెప్పలేదు. వాయిదాల కాగితం మాత్రం ఇచ్చారు.

మరి సముద్రం మీద దుమ్మెక్కడిది అని అడగొచ్చు. నిజమే, ఒడ్డు దాటాక గాలి శుభ్రంగానే ఉంటుంది. కానీ పడవ బతుకులో సగం ఒడ్డు దగ్గరే. ఎండాకాలం ఇసుక రేగుతుంది. పడవ మరమ్మతులప్పుడు రంపపు పొట్టు, సున్నం దుమ్ము ఉంటాయి. ఇంజినుని అప్పుడప్పుడు ఒడ్డున ఆడించి చూస్తారు కూడా. దీనికి తోడు ఉప్పు తేమ ఉండనే ఉంది. వేట లేని నెలల్లో ఇంజిను కదలకుండా పడి ఉంటే, గాలి గొట్టం నోరు తెరిచే ఉండటంతో ఉప్పుగాలి లోపలికి చేరి లైనరుకీ వాల్వులకీ తుప్పు పట్టిస్తుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఆ తుప్పే రింగుల్ని కొరుకుతుంది. పెద్దతాత ఇంజిను ఈ రెండు దెబ్బలూ తింది. అందులో ఎంత పాలు ఇసుకది, ఎంత పాలు ఉప్పుది అని విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. తప్పంతా ఫిల్టరు మీద, ఆ పైన ఆయన మీద వేయడం మాత్రం తేలికైపోయింది.

కళాసీలు కలాసిపాళ్యానికి

తాతగారు బెంగళూరు వచ్చేసరికి ఊరు ఫ్యాక్టరీలతో కళకళలాడుతోంది. హెచ్‌ఏఎల్, ఐటీఐ, హెచ్‌ఎంటీ, బీఈఎల్ అన్నిట్లోనూ తెలుగువాళ్ళు ఉండేవాళ్ళు. డీజిల్ మనుషులకి మాత్రం అన్నిటికంటే ముఖ్యమైన పేరు మైకో. 1951లో బాష్ భాగస్వామ్యంతో ఏర్పడిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ అది. ఆడుగోడి ఫ్యాక్టరీలో స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ ఇంజెక్షన్ పంపులు, నాజిళ్ళు తయారయ్యేవి. లారీకైనా, పొలం ఇంజినుకైనా, పడవకైనా దేశంలో పంపు అంటే మైకో పంపే అన్నంత పేరు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, మైకో లేఅవుట్ అన్న పేరు మన బస్సుల బోర్డుల మీద ఇంకా బతికే ఉంది.

తాతగారికి ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకలేదు. జేసీ రోడ్డు వెనకాల ఒక డీజిల్ పంపుల షాపులో చేరారు. ఇల్లు కలాసిపాళ్యంలో ఒక గది. "కళాసీలం కదా, కలాసిపాళ్యానికే వచ్చాం" అని మామ్మ నవ్వేదట. కన్నడ రాకపోయినా ఇబ్బంది పడలేదని తాతగారు చెప్పేవారు. మనం గాలి అంటే వాళ్ళు గాళి అంటారు, మన నూనె వాళ్ళకి ఎణ్ణె. మిగతా కన్నడం షాపులోనే వచ్చేసింది.

ఆ షాపులో ఆయన ఒక సంగతి గమనించారు. లారీ నల్ల పొగ కక్కితే డ్రైవర్లు నేరుగా పంపు విప్పించుకుని పట్టుకొచ్చేవాళ్ళు. పంపు ఖరీదైంది, సూక్ష్మమైంది, దాన్ని బెంచి మీద పెట్టి లెక్క సరిచేయడం గొప్ప పని. తీరా చూస్తే పంపు బాగానే ఉండేది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి, పంపు ఇచ్చిన డీజిల్‌కి చాలినంత గాలి దొరక్క పొగ వచ్చేది. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి కాకినాడ గాలి కంటే దాదాపు పదో వంతు పల్చన. అసలే తక్కువ ఊపిరి, దానికి మళ్ళీ అడ్డం! అందుకే ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఫిల్టరు తీసి చూసి ఎన్నాళ్ళైంది?"

ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. తాతగారు మాత్రం పైకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన పద్ధతి

తాతగారి దగ్గర ఒక గళ్ళ నోటుబుక్కు ఉండేది. అందులో సగం పంపు కొలతలు, సగం ఇంటి ఖర్చులు. 1970ల నాటి ఒక పేజీలో ఆయన ఎయిర్ క్లీనరు గిన్నె బొమ్మ గీశారు. పక్కనే అదే గిన్నె ఒక పక్కకి ఒరిగినట్టు ఇంకో బొమ్మ, నూనె మట్టం జాలీని తాకుతున్నట్టు ఒక గీత. కింద ఏమీ రాయలేదు. బెంగళూరులో లారీలు అంతలా ఒరగవు. ఆ రెండో బొమ్మ ఎవరి కోసం గీశారో మేము వేరే చెప్పక్కర్లేదు.

షాపులో కుర్రవాళ్ళకి ఆయన నేర్పిన పద్ధతిని మా నాన్నగారు, బాబాయిలు చెప్పగా రాసి పెడుతున్నాం. సూత్రాలు ఇప్పటికీ పనికొస్తాయి.

ఫిల్టరు లేకుండా ఇంజినుని ఒక్క నిమిషం కూడా ఆడించకూడదు, టెస్టింగుకైనా సరే. ఆయిల్ బాత్ అయితే నూనె గీత దాటకూడదు, గీతకి తగ్గకూడదు. ఇంజిను ఆపి, నూనె దిగేదాకా కాసేపాగి అప్పుడు విప్పాలి. అడుగున బురద కాస్త మందంగా పేరుకుందంటే మార్చే రోజు దాటిపోయినట్టే. జాలీని కిరసనాయిలుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోలుతో కడగకూడదు. దాని ఆవిరి లోపల మిగిలితే ప్రమాదం.

కాగితం ఫిల్టరు వచ్చాక పద్ధతి మారింది. దాన్ని కడగకూడదు. తడిస్తే కాగితం ఉబ్బి గాలి రాదు. నేలకేసి కొట్టకూడదు, మడతలు నలిగిపోతాయి. గాలి కొట్టాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. తర్వాత లోపల బల్బు పెట్టి చీకట్లో చూడాలి. ఎక్కడైనా చుక్కలా వెలుగు కనబడితే అక్కడ చిల్లు పడినట్టు, అది పారేయాలి. మాటిమాటికీ విప్పడం కూడా మంచిది కాదు, విప్పిన ప్రతిసారీ శుభ్రంగా ఉన్న వైపు కాస్త దుమ్ము పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఫిల్టరుకీ ఇంజినుకీ మధ్యనున్న రబ్బరు గొట్టం, క్లిప్పులు. అక్కడ పగులుంటే ఫిల్టరు ఎంత కొత్తదైనా దండగే. "తలుపుకి తాళం వేసి కిటికీ తీసి ఉంచినట్టు" అనేవారట.

తెరచాప పడవల్లోని చిన్న డీజిల్ ఇంజిన్లకి ఇప్పుడు ఎక్కువగా తీగ జాలీ గానీ, స్పాంజి గానీ, కాగితం గానీ వాడతారు. పడవ ఎంత ఒరిగినా ఒలికేదేమీ ఉండదు. వాటికి వేరే జబ్బులున్నాయి. ఇంజిను అడుగు నుంచి వచ్చే నూనె ఆవిరిని చాలా ఇంజిన్లలో గాలి గొట్టంలోకే మళ్ళిస్తారు. అది ఫిల్టరుని నానబెడుతుంది. స్పాంజి కొన్నేళ్ళకి వేలితో నొక్కితే పొడిపొడిగా రాలిపోయే స్థితికి వస్తుంది. ఆ ముక్కల్ని ఇంజిను పీల్చేస్తుంది. ఫ్యాను బెల్టు అరిగిన నల్ల పొడి, శబ్దం రాకుండా గోడలకి అంటించిన ఫోము ముక్కలు కూడా అందులోకే చేరతాయి. ఇంజిను గది మూసేసి ఉంటుంది కాబట్టి, ఆ గదికి బయటి గాలి వచ్చే దారి తెరిచి ఉందా లేదా అన్నది ఫిల్టరు అంత ముఖ్యం. పెద్దతాత పడవ ఇంజిను మీద మూత కూడా లేదు, ఆ ఒక్క సమస్య మాత్రం ఆయనకి రాలేదు.

తర్వాత వచ్చిన పడవలు

పెద్దతాత అడగడానికి మనిషి లేడని మేమంటే కొందరు చుట్టాలు ఒప్పుకోరు. తేదీలు చూస్తే తెలుస్తుంది. పడవ ఇంజిన్ల మీద పనిచేసేవాళ్ళకి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ కొచ్చిలో మొదలైంది 1963లో. విశాఖపట్నంలో దాని శాఖ వచ్చింది 1981లో. చిన్న మత్స్యకారుల పడవల కోసం చెన్నై కేంద్రంగా బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ మొదలైంది 1979లో. ఆ ప్రోగ్రామ్ వాళ్ళు ఆంధ్ర తీరం కోసం అలల్లోంచి నేరుగా ఇసుక మీదకి వచ్చే పడవలు తయారు చేశారు. అందులో డీజిల్ ఇంజినుని నీళ్ళు దూరని పెట్టెలో పెట్టి, పెట్టె, షాఫ్టు, ప్రొపెల్లరు అన్నీ కలిపి పైకి లేపేలా అమర్చారు. అంటే మన తీరానికి, మన అలలకి, మన ఇసుకకి తగ్గ ఇంజిను ఏర్పాటు ఎలా ఉండాలని కూర్చుని ఆలోచించిన రోజు వచ్చేసరికి, పెద్దతాత పడవ అమ్మేసి పదిహేనేళ్ళు దాటింది.

ఈ రోజుల్లో మన పిల్లలకి తెరచాప పడవంటే వేరే బొమ్మ గుర్తొస్తుంది. అల్సూరు చెరువులో మద్రాస్ శాపర్స్ వాళ్ళ పడవలు చూస్తూ పెరిగినవాళ్ళు మాలో ఉన్నారు. ఆ శాపర్స్ భాగమైన కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళే 1985లో బయల్దేరి 1987లో "తృష్ణ" అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి వచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన నౌకాదళం పడవ "తారిణి"లో ఆరుగురు మహిళా అధికారులు వెళ్ళి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు, విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బి. ఐశ్వర్య. దారిలో స్టీరింగు చెడి మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు కూడా. అలాంటి పడవల్లో ప్రయాణం తెరచాపదే. ఇంజిను రేవులోకి రావడానికి, బ్యాటరీలు ఛార్జ్ చేయడానికి. నడిపించేవాళ్ళే మెకానిక్కులు, వాళ్ళకి ముందే శిక్షణ ఇచ్చి పంపుతారు.

ఆ వార్త చదివినప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. పెద్దతాతకి ధైర్యం తక్కువ లేదు, గాలి తెలివి తక్కువ లేదు. ఆయనకి లేనిది ఒక నెల శిక్షణ, ఒక పొడి జాలీ.

తిట్టు సంగతి

1980లలో ఒక పెళ్ళికి పెద్దతాత బెంగళూరు వచ్చారు. అప్పుడు తాతగారు ఆయన్ని షాపుకి తీసుకెళ్ళి పంపుల బెంచి అంతా చూపించారట. పెద్దతాత అన్నీ చూసి, ఒక లారీ ఎయిర్ క్లీనరు గిన్నె చేతిలోకి తీసుకుని, "ఇది ఒరిగితే ఏం చేస్తార్రా?" అని అడిగారట. "ఒరగదన్నయ్యా, రోడ్డు కదా," అన్నారట తాతగారు. కాసేపాగి, "పడవకైతే నువ్వు చేసిందే చేసుండేవాణ్ణి," అన్నారట. అక్కడ పనిచేస్తున్న మా బాబాయి చెవులారా విన్న మాట ఇది. అన్నదమ్ములిద్దరూ ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు గానీ, ఆ పెళ్ళి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి.

తాతగారు తీర్పు చెప్పేశాక కూడా తిట్టు మాత్రం ఇళ్ళల్లో ఆగలేదు. అలవాటైన మాట అంత తొందరగా పోదు. ఇప్పుడు మాలో చాలామందికి ఇంజిన్లతో పని లేదు. ఉన్నదల్లా అపార్టుమెంటు బేస్‌మెంట్లో జనరేటరు. కరెంటు పోయినప్పుడు అది నల్ల పొగ కక్కితే అసోసియేషన్ మీటింగులో పంపు మార్పించాలని కొటేషన్లు తెస్తారు. ఫిల్టరు ఎప్పుడు తీసి చూశారని అడిగే మనిషి ఆ మీటింగులో ఒకరుండాలి, అది మనవాళ్ళే అయితే మరీ మంచిది.

"ఫిల్టరు పీకినోడి వంశం" అని ఇక ముందు ఎవరైనా అంటే పిల్లలు తల దించుకోనక్కర్లేదు. అవును, తడి గోనెసంచితో ఇంజినుని ఆపినోడి వంశం కూడా అని చెప్పండి. రెండూ ఒకే మనిషి, ఒకే పడవ, ఒకే కారణం.